పొదుపు వేరు, పస్తు వేరు

కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో విద్య కోసం దూరదేశం వెళ్ళిన పిల్లలు మాత్రం ముందుగా కూటినే తగ్గించుకుంటున్నారు. మన సంఘంలోని కుటుంబాలనే చూడండి. తాతల నాడు ఉద్యోగానికో వ్యాపారానికో బెంగుళూరు వచ్చి స్థిరపడ్డ ఇళ్ళనుంచి ఇవాళ మనుమలు, మనుమరాళ్ళు లండన్ చదువులకు వెళ్తున్నారు. వెళ్ళేటప్పుడు పెట్టెలో ఆవకాయ, కందిపొడి, గోంగూర పచ్చడి సర్దుతాము. ఫీజుకు, అద్దెకు, విమానం టిక్కెట్టుకు కాగితం మీద లెక్క వేస్తాము. “పొద్దుటనుంచీ కాలేజీలో వుంటావు గదా, మధ్యాహ్నం ఆకలేస్తే ఎక్కడ తింటావురా?” అని మాత్రం ఎవరమూ అడగము. ఈ నెల ఆ సంగతి ముచ్చటించుకుందాము.

లండన్ ఖరీదైన వూరని అక్కడి సర్కారే ఒప్పుకుంటున్నది. 2025 నవంబరు నుంచి విద్యార్థి వీసా కోరేవారు, లండన్‌లో చదివేటట్లయితే, ఫీజు గాక నెలకు 1,529 పౌన్ల చొప్పున తొమ్మిది నెలల సొమ్ము చూపించాలి. తక్కిన వూళ్ళలో చదివేవారికి నెలకు 1,171 పౌన్లు చాలు. ఈ సొమ్ములో పెద్ద ముక్క అద్దెకే పోతుంది. అద్దె తగ్గించటం విద్యార్థి చేతిలో లేదు, రైలు చార్జీ తగ్గించటం అసలే లేదు. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు గనుక రాబడి పెంచుకోవటమూ కష్టమే. ఇక చేతికందేది కంచం ఒక్కటే.

మా మేనల్లుడు అక్కడే చదువుతున్నాడు. వెళ్ళిన కొత్తలో ప్రతి హోటలు ముందూ నిలబడి, ధరల పట్టీ చూచి, పౌన్లను రూపాయలలోకి మార్చుకునేవాడట. పౌను నూరు రూపాయలు దాటిన రోజులాయె! “మామయ్యా, ఇక్కడ ఒక్క దోసె డబ్బుతో మన వీధి హోటల్లో ఇంటిల్లిపాదీ టిఫిన్ చేయవచ్చు” అని ఫోనులో నవ్వాడు. నవ్వుతూనే రెండు నెలలు బిస్కట్లతో మధ్యాహ్నాలు గడిపాడు. చివరకు తరగతిలో కళ్ళు తిరిగి కూలబడితే గాని మాకు సంగతి తెలియలేదు. వాడు లెక్కల్లో గట్టివాడే. ఫీజు కట్టేటప్పుడు రూపాయల్లో లెక్క వేసుకోవలసిందే, అప్పు తెచ్చిన డబ్బు గనుక. ఆకలిగా వున్న ప్రతి పూటా ఆ గుణకారం చేస్తూ కూర్చుంటే మాత్రం ముద్ద గొంతు దిగదు.

అంతకంటె ఆ వూళ్ళో బిల్లు ఎట్లా పెరుగుతుందో తెలుసుకోవటం మేలు. మన బెంగుళూరులో దర్శినిలో నిలబడి తింటే ఒక ధర, హాల్లో కూర్చుని వడ్డన చేయించుకుంటే ఇంకొక ధర. ఇడ్లీ ఒకటే, ఎక్కువ ఇచ్చేది కుర్చీకి. లండన్‌లో ఈ తేడాకు పన్ను కూడా తోడవుతుంది. చల్లని శాండ్‌విచ్ కొని బయటికి పట్టుకుపోతే దానిమీద వ్యాట్ లేదు. అదే శాండ్‌విచ్ ఆ దుకాణంలో కూర్చుని తింటే నూటికి 20 వంతులు పన్ను. వేడిగా వుంచి అమ్మే పదార్థమైతే పట్టుకుపోయినా పన్ను తప్పదు.

కూర్చుని తినే హోటళ్ళలో బిల్లు అడుగున సర్వీసు చార్జి అని నూటికి పన్నెండున్నర చేర్చటం మామూలు. అది ఐచ్ఛికమని వ్రాసి వుంటే, ఇవ్వలేనివారు మర్యాదగా చెప్పి తీసివేయించుకోవచ్చు. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. ఇవ్వగలిగిన నాడు ఇవ్వండి. 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం ఆ సొమ్ము పనివారికే చేరాలి. ఇక మంచినీళ్ళు. సీసా నీళ్ళకు డబ్బు పడుతుంది. “ట్యాప్ వాటర్” అని అడిగితే, మద్యం అమ్మే లైసెన్సు వున్న హోటళ్ళు వూరికే ఇవ్వాలని అక్కడి చట్టం.

చవకగా కడుపు నింపుకునే దారులు లేకపోలేదు. పెద్ద దుకాణాలలో ‘మీల్ డీల్’ అని శాండ్‌విచ్, ఒక చిరుతిండి, ఒక పానీయం కలిపి సుమారు నాలుగు పౌన్లకు ఇస్తారు. సాయంకాలం పొద్దుపోయాక, ఆ రోజుతో గడువు తీరే పదార్థాలకు పసుపు చీటీ అంటించి ధర తగ్గిస్తారు. విద్యార్థులు ఆ వేళకు కాచుకుని వుంటారట. 1920లో మొదలై, తరువాత ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌కు మారిన ఇండియన్ వై.ఎం.సి.ఎ. హాస్టలు భోజనశాల ఎన్నో తరాల మన విద్యార్థులకు అన్నం, పప్పు పెట్టింది. సోయాస్ కళాశాల దగ్గర హరేకృష్ణ వారు మధ్యాహ్నం పూట వడ్డించిన శాకాహారం తిని చదువు పూర్తి చేసినవారు ఎందరో. సౌతాల్‌లో 2003లో ప్రారంభమైన పెద్ద గురుద్వారాలో లంగరు భోజనం అందరికీ ఉచితం. తలకు గుడ్డ కట్టుకుని, చెప్పులు విప్పి, పంక్తిలో కూర్చోవాలి. తిన్న తరువాత పది పళ్ళాలు కడిగి వస్తే మన మనసుకూ బాగుంటుంది.

అయితే ఇటువంటి చోట్లు కలకాలం వుంటాయని నమ్మకం లేదు. 1951లో మొదలై, స్ట్రాండ్ వీధిలో చవకగా దోసె, కాఫీ అందించిన ఇండియా క్లబ్బు 2023 సెప్టెంబరులో మూతబడింది. కనుక పిల్లలు ఏ హోటలునూ నమ్ముకోకుండా, అన్నం వార్చటం, పప్పు పోపు పెట్టటం నేర్చుకుని విమానమెక్కాలి. కొడుకైనా కూతురైనా సరే.

ఈ కష్టాలు కొత్తవి కావు. 1888లో లండన్ చేరిన గాంధీగారు తల్లికిచ్చిన మాట ప్రకారం మాంసం ముట్టక, ఉప్పుకారాలు లేని కూరలు గొంతు దిగక అవస్థపడ్డారు. రోజుకు పది పన్నెండు మైళ్ళు తిరిగి, చవక హోటలు కనబడితే వట్టి రొట్టెతో కడుపు నింపుకునేవారు. ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో శాకాహార హోటలు కంటబడింది. ఇంగ్లండు వచ్చిన తరువాత తృప్తిగా తిన్న మొదటి భోజనం అదేనని ఆత్మకథలో వ్రాసుకున్నారు. తరువాత ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ఆయన ఏం చేశారు? చవక గదిలోకి మారారు. బండి ఎక్కటం మాని నడిచారు. పొద్దున జావ, కోకో తామే కాచుకున్నారు. మధ్యాహ్న భోజనం మాత్రం మానలేదు, బయటనే తిన్నారు. అంతా కలిపి రోజుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో జరిపారు. ప్రతి రాత్రీ పడుకునే ముందు ఆనాటి ఖర్చు పైసాతో సహా వ్రాసి లెక్క సరిచూచుకునేవారు.

ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా లెక్కలు వ్రాసే నాకు ఇందులో నచ్చిన సంగతి ఒకటుంది. ఆయన ఒక పద్దు తగ్గించారు, ఒక పద్దు వుంచారు. జమాఖర్చు పుస్తకంలో కోత పెట్టేటప్పుడు ఏది కోయరాదో ముందు తెలియాలి. చదువుకునే పిల్లవాడికి మధ్యాహ్నపు తిండి కోయరాని పద్దు. నెల మొదటనే భోజనానికని పౌన్లలో ఇంత అని విడిగా తీసిపెట్టి, దానిని తినటానికే ఖర్చు చేయమనండి. వారానికొకసారి స్నేహితులతో కలిసి కూర్చుని వేడివేడిగా ఒక దోసె తిన్నా తప్పులేదు. పరాయి వూళ్ళో నలుగురితో కలిసి తినటం కూడా ఆరోగ్యమే.

పెద్దలకు ఒక మనవి. ఫోను చేసినప్పుడు “ఎంత ఖర్చయింది?” అనే ముందు “ఇవాళ మధ్యాహ్నం ఏం తిన్నావు?” అని అడగండి. “తిన్నానులే” అని పొడిగా జవాబు వస్తే వదలకుండా, ఏం తిన్నదీ, ఎక్కడ తిన్నదీ పేరుపేరునా చెప్పించండి. మనం పంపిన డబ్బు మిగిల్చి మనల్ని సంతోషపెట్టాలని పిల్లలు పస్తులుంటారు. ఆ మిగులు మనకు వద్దని నోరు తెరిచి చెబితే గాని వారికి తెలియదు.