బ్యాంకు పరీక్షకు చదివే ఆడపిల్ల

రాజంపేటలో డిగ్రీ ముగించిన ఆడపిల్ల బ్యాంకు ఉద్యోగానికి చదువుతానంటే ఇంట్లో కాదనరు. కామారెడ్డికి పోయి కోచింగ్ తీసుకుంటానని డబ్బు అడిగినప్పుడే పెళ్లి ఖర్చు గుర్తొస్తుంది. ఐబీపీఎస్ క్లర్కు ప్రిలిమ్స్‌లో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఆ వేగం రోజూ గడియారం పెట్టుకుని సాధన చేస్తేనే వస్తుంది. బీడీలు చుట్టే ఇంట్లో అమ్మాయికి ఆ తీరిక ఎవరిస్తారు? తమ్ముడికైతే అడక్కుండానే దొరుకుతుంది! 2021 నుంచి ఈ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. ఇంగ్లీషు విభాగం మాత్రం తప్పదు.

లెక్కలు, రీజనింగుతో పాటు మన పిల్లలకు తెలియాల్సినవి ఇంకా ఉన్నాయి. నెలసరి తేదీ తప్పుగా రాసిందని నీరా మాథుర్‌ను ఎల్.ఐ.సి. ఉద్యోగం నుంచి తీసేస్తే, 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. అలాంటి ప్రశ్నలు అవమానకరమని, ఫారం నుంచి తొలగించమని చెప్పింది. అయినా ముప్పై ఏళ్ల తర్వాత, 2021 డిసెంబరు 31 నాటి సర్క్యులర్‌లో స్టేట్ బ్యాంకు మూడు నెలలు దాటిన గర్భిణులను ‘తాత్కాలికంగా అనర్హులు’ అన్నది. ఢిల్లీ మహిళా కమిషన్ నోటీసు ఇచ్చి, నలుదిక్కులా నిరసన వచ్చాక 2022 జనవరి 29న దాన్ని పక్కన పెట్టింది.

ఈసారి నోటిఫికేషన్ వచ్చినప్పుడు మన సంఘం సభ్యులు అమ్మాయిల పక్కన కూర్చుని దరఖాస్తు నింపించాలి. మెడికల్ ఫారంలో ఏమడుగుతున్నారో కూడా చదివి చెప్పాలి.