హుద్‌హుద్ తుపాను తెలుసు, పిట్ట తెలీదా?



హుద్‌హుద్ అంటే ఏమిటని ఇంట్లో అడిగి చూడండి. 2014 అక్టోబర్‌లో విశాఖను ఊడ్చేసిన తుపాను అంటారు. ఖురాన్ చదివినవాళ్లయితే సులైమాన్ అలైహిస్సలాంకి సబా రాణి ఖబర్ తెచ్చిన పక్షి అని కూడా చెబుతారు. మాషాఅల్లాహ్. మరి నెత్తిన విసనకర్రలాంటి ఈకలతో, రెక్కల మీద నలుపు తెలుపు చారలతో, పొడవాటి ముక్కును నేలలో గుచ్చి పురుగులు తినే ఆ పిట్ట ఎదురుగా వాలితే గుర్తుపడతామా? తెలుగులో దాన్ని కూకుడు గువ్వ అంటారని మనలో ఎంతమందికి తెలుసు?

"పిట్టల్ని చూస్తూ కూర్చుంటే రోటీ వస్తుందా? అది తెల్లదొరల షౌక్, ఫుర్సత్ ఉన్నోళ్ల పని." ఇదీ మన జవాబు. ఈ జవాబే గలత్ అంటున్నాను.

ముందు ఆ దొరల సంగతే చూద్దాం. ఇంగ్లండ్‌లో సెల్బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే పాదిరి ఉండేవాడు. సైంటిస్టు కాదు. చూడ్డానికి ఒకేలా ఉండే మూడు చిన్న పిట్టలు మూడు వేర్వేరు జాతులని కూతల్ని బట్టి పసిగట్టాడు. దోస్తులకు రాసిన ఉత్తరాలే 1789లో కితాబుగా వచ్చాయి. ఆ ఆదత్ అక్కడ ఇప్పటికీ పోలేదు. మామూలు మనుషులు తమ పెరట్లోని ముళ్లపంది గురించీ, గుంటలోని కప్ప గురించీ తారీఖు వేసి రాసి నలుగురికీ చూపిస్తున్నారు. 1979 నుంచి ఏటా జనవరిలో ఓ గంటసేపు పెరటి పిట్టల్ని లెక్కపెడుతున్నారు. అందుకే ఊరపిచ్చుక సగానికి పైగా తగ్గిపోయిందని హిసాబ్ చూపించి మాట్లాడగలుగుతున్నారు.

మనమో? "సెల్ టవర్లొచ్చాక పిచ్చుకలు పోయాయి" అనేసి చాయ్ తాగుతాం. మండపేటలో ఏ వీధిలో ఎన్ని ఉండేవి, ఏ ఏడు నుంచి తగ్గాయి, ఇంకా ఎక్కడ మిగిలాయి? హిసాబ్ లేదు. హిసాబ్ లేని ఫిర్యాద్ ఏ కచేరీలో నిలబడుతుంది?

ఇది పరాయివాళ్ల షౌక్ అనేవాళ్లకు ఒక్క పేరు చాలు: సలీం అలీ. 1896లో ముంబైలో పుట్టారు. పసితనంలోనే యతీం అయ్యారు. పెద్ద డిగ్రీ లేదని కోరుకున్న నౌకరీ దక్కలేదు. పని లేని ఆ రోజుల్లో, ముంబై దగ్గర కిహీం అనే సముద్రపు ఒడ్డు పల్లెలో, ఆయన నోట్‌బుక్ పట్టుకుని చూసింది గిజిగాణ్ని. మన తాటిచెట్లకు గూళ్లు వేలాడదీసే గిజిగాడే! మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుందనీ, ఆడపిట్ట వచ్చి చూసి పసందు చేస్తేనే పూర్తి చేస్తుందనీ, తర్వాత ఇంకో ఆడపిట్ట కోసం మరో గూడు మొదలెడుతుందనీ నెలల తరబడి చూసి రాశారు. 1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకు దిగిందీ ఆయనే. ఈ విరాసత్ మనది కాదా?

మన జనం దగ్గర ఇల్మ్ తక్కువేం కాదు. 1900 తర్వాత కనిపించక, ఖతం అనుకున్న కలివికోడి 1986లో కడప అడవుల్లో మళ్లీ దొరికింది. వెతుకుతూ వచ్చిన సైంటిస్టులకు దాన్ని పట్టి చూపించింది అక్కడి వేటగాడే. అలాగే మన గోదావరి కాలువల్లో వల వేసే మామూకీ, వరినాట్లు వేసే ఖాలాకీ ఎన్ని పేర్లు తెలుసో! ఎవరు రాస్తున్నారు? వాళ్లతో పాటే ఆ పేర్లూ ఖబరస్తాన్‌కి పోతున్నాయి. రేపు ఓ చెరువు పూడ్చేస్తే అందులో ఏం పోయిందో చెప్పడానికి గవాహి కూడా ఉండదు.

కెమెరా అక్కర్లేదు, దుర్బీన్ అక్కర్లేదు. ఫజర్ తర్వాత పావుగంట, ఓ నోట్‌బుక్కు చాలు. తారీఖు, చోటు, ఎన్ని, ఏం చేస్తున్నాయి. పేరు తెలీకపోతే రంగు, కూత రాయండి. తెలుగులోనే రాయండి. ఉర్దూ పేరు తెలిస్తే పక్కనే రాయండి: గిజిగాడు, బయా. ఆడవాళ్లకు కుదరదనకండి, డాబా మీద బట్టలారేసేటప్పుడు కనిపించేవీ రాయదగ్గవే. నానీని కూర్చోబెట్టి ఆమె చిన్నప్పుడు చూసిన పిట్టల్ని అడగండి. వచ్చే జుమా లోపు ఒక్క పేజీ నింపండి.