బైకుకు ఎలాంటి జీపీఎస్?

బైకు మీద దూరప్రయాణాలు చేసేవారి కోసమే ఈ సంచిక. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో కీలాంగ్ దాటాక చాలాచోట్ల సెల్ సిగ్నల్ అందదు. ఫోన్‌లోని జీపీఎస్‌కు సెల్ సిగ్నల్ అక్కర్లేదన్న మాట నిజమే. కానీ మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే, ఖాళీ తెర మీద నీలిచుక్క ఒక్కటే మిగులుతుంది. పైగా శక్తిమంతమైన బైకు ఇంజిన్ల అదురుకు ఐఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది.

విడిగా జీపీఎస్ కొనేవారు ముందు తమ దారి ఏదో తేల్చుకోవాలి. తారురోడ్డుకైతే మలుపులు ముందుగా చెప్పే పెద్ద తెర ముఖ్యం. ఉదాహరణకు, గార్మిన్ సంస్థ పరికరమైన జూమో ఎక్స్‌టీకి 5.5 అంగుళాల తెర ఉంది. గ్లవ్స్ తీయకుండానే వాడొచ్చు. రాళ్లబాటకు ట్రాక్ ముఖ్యం. రూటు ఇస్తే పరికరం తన లెక్క ప్రకారం దారి మళ్లించవచ్చు. ట్రాక్ మాత్రం ముందు వెళ్లినవారి జాడను ఉన్నదున్నట్టు చూపుతుంది. దానికి ఎత్తుపల్లాలు తెలిపే టోపో మ్యాపు తోడవ్వాలి. ఐపీఎక్స్7 రేటింగ్ ఉంటే పరికరం మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుంది. వానకు భయం లేదు. బైకు బ్యాటరీ నుంచే చార్జింగ్ అందే మౌంటు తప్పనిసరి.

సెల్ సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలకు మాత్రం మన దేశంలో ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ సంగతి మరవకండి.

ఏది కొన్నా, పెద్ద ప్రయాణానికి ముందు మీ ఊరి మట్టిరోడ్ల మీద ఒకరోజు వాడి చూడండి. అలవాటైన పరికరాన్నే కొండలకు తీసుకెళ్లండి.