వెదురు గుడిసె, ఒక్క బకెట్ నీళ్లు

అండమాన్ రీల్స్ మీ ఫీడ్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. డ్రోన్ షాట్, నీలం నీళ్లు, కొబ్బరి చెట్లకు కట్టిన ఊయల, కింద "రాత్రికి వెయ్యి రూపాయలే" అని పెద్దక్షరాలు. అలాంటివి కనీసం వంద చూసి ఉంటాను. ఒక్కళ్లంటే ఒక్కళ్లు బాత్‌రూమ్ చూపించలేదు. అందుకే ఈ వారం కాలమ్ బాత్‌రూమ్ గురించి. సరే, కొంచెం మంచం గురించీ, దోమతెర గురించీ కూడా.

గత ఫిబ్రవరిలో నేనూ, బీటెక్‌లో నా రూమ్మేటూ వీపుకి చెరో బ్యాగు తగిలించుకుని పది రోజులు తిరిగొచ్చాం. హేవలాక్, నీల్, లిటిల్ అండమాన్. మూడు దీవులు, మూడు గుడిసెలు. హేవలాక్ 2018 డిసెంబర్‌లో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ కాస్తా శ్రీ విజయపురం అయింది. మాకు తగిలిన ఆటోవాళ్లు మాత్రం పాత పేర్లతోనే కేకేశారు కాబట్టి నేనూ అవే వాడతాను.

వారాసిగూడలో బ్యాగు సర్దుకుంటుంటే అమ్మ అడిగింది ఒకటే. "రూముకు గొళ్లెం ఉంటదా?" బుకింగ్ పేజీలో ఫ్యాన్ గురించి రాశారు, వైఫై గురించి రాశారు, గొళ్లెం గురించి ఎవరు రాస్తారు? అమ్మ ఇంకేం మాట్లాడకుండా మోండా మార్కెట్‌కి వెళ్లి ఒక తాళంకప్ప తెచ్చి బ్యాగు పక్క జేబులో వేసింది.

మొదట ఓడలో వెళ్దామనుకున్నాం. చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి ప్రభుత్వ ఓడలు నడుస్తాయి. విశాఖ నుంచి దూరం 1,200 కిలోమీటర్లు, చెన్నై నుంచి 1,190. బంక్ క్లాస్ అంటే మన స్లీపర్ బోగీ లాంటి హాలు, పైనా కిందా పడకలు. రెండున్నర నుంచి మూడు రోజులు సముద్రం మీదే. మాకు దొరికిన లీవులు ఆరు. లెక్క కుదరలేదు, శంషాబాద్‌లో ఫ్లైటెక్కాం.

హేవలాక్‌లో బీచ్‌లకు నంబర్లు ఉంటాయి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మంచి బీచ్ అని రాసిన రాధానగర్, ఏడో నంబరు. మా గుడిసె ఐదో నంబరు, విజయనగర్ వైపు. గోడలంటే వెదురు బద్దల అల్లిక. పక్క గుడిసెలో ఎవరైనా చిప్స్ ప్యాకెట్ విప్పితే ఏ కంపెనీదో చెప్పేయొచ్చు. చెక్క మంచం, దాని మీద పరుపు. ఆ పరుపు వర్షాకాలంలో తాగిన నీళ్లు ఇంకా వదల్లేదు. దోమతెరకు రెండు చిల్లులు, ఒకదానికి బ్యాండ్ ఎయిడ్ అంటించి ఉంది. దీవిలో కరెంటు డీజిల్ జనరేటర్లదే, ఎప్పుడు పోతుందో దానిష్టం. తలుపుకి లోపలా బయటా కొక్కేలు ఉన్నాయి గానీ గొళ్లెం లేదు, దాని బదులు కొబ్బరి తాడు ముక్క వేలాడుతోంది. అమ్మ తాళంకప్ప పగలు బయటి కొక్కేనికి, రాత్రి లోపలి కొక్కేనికి కాపలా కాసింది. ఇద్దరమ్మాయిలం నిద్రపోయామంటే ఆ తాళం పుణ్యమే. అమ్మాయిలూ, సన్‌స్క్రీన్ మర్చిపోయినా పర్లేదు, తాళం మర్చిపోకండి.

బాత్‌రూమ్ నాలుగు గుడిసెలకు కలిపి ఒకటి. పైకప్పు లేదు. రాత్రిపూట నక్షత్రాలు కనిపిస్తాయి, దీన్ని కూడా ఎవరో రివ్యూలో "ఓపెన్ స్కై షవర్" అని మెచ్చుకున్నారు. నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, తలస్నానం చేస్తే జుట్టు కొబ్బరి పీచులా తయారవుతుంది. మగ్గులో ఒక కప్ప కాపురం ఉండేది. మూడో రోజుకి దానికి గుడ్ మార్నింగ్ చెప్పే చనువు వచ్చింది.

ఇసుక ఈగల సంగతి విడిగా చెప్పాలి. ఇవి కంటికి సరిగ్గా ఆనవు, శబ్దం చేయవు. పొద్దున్నా సాయంత్రం ఇసుక మీద టవల్ పరుచుకుని పడుకుంటే చాలు, రాత్రికి కాళ్ల నిండా ఎర్రటి దద్దుర్లు. దోమ కుడితే గంటలో మర్చిపోతాం, ఇవి కుడితే రెండు వారాలు గుర్తుంటాయి. గోకితే పుండు పడుతుంది. కాళ్లకు కొబ్బరి నూనె దట్టంగా రాసుకోవడం అక్కడివాళ్లు చెప్పిన చిట్కా, నా వరకు అది అన్ని స్ప్రేల కంటే నయం.

ఇంకో తిరకాసు, టైము. పోర్ట్ బ్లెయిర్ మన సికింద్రాబాద్ కంటే సుమారు 14 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు గంట తేడా. గడియారం మాత్రం ఒకటే. ఫిబ్రవరిలో ఐదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు. సాయంత్రం బీచ్‌కి ఆరింటికి వెళ్దామనుకునే మన హైదరాబాదీ బద్ధకం అక్కడ పనికిరాదు. చీకటి పడ్డాక కరెంటు పోతే ఇక చేసేదేం లేదు, ఎనిమిదింటికే పడక.

హేవలాక్ నుంచి నీల్‌కి ప్రభుత్వ ఫెర్రీలో వెళ్లాం. ప్రైవేటు బోట్లు ఏసీ, చురుకు, టికెట్టు కూడా అందుకు తగ్గట్టే. ప్రభుత్వ ఫెర్రీ చవక, కానీ అది మనకోసం వేసింది కాదు. దీవుల వాళ్లకు అది ఆర్టీసీ బస్సు. మా ముందు వరసలో ఒక పెద్దాయన చేతిలో జీబీ పంత్ ఆసుపత్రి ఫైలు, ఆయన పక్కన కోళ్ల బుట్ట, ఆ పక్కన కూరగాయల గోనెలు. నీల్ కూరగాయలకు పేరున్న దీవి. దీవివాళ్లకు టికెట్లో రాయితీ, కౌంటర్లో ముందు చోటు ఉంటాయి. లైన్లో మా వెనక నిలబడ్డ టూరిస్టు ఒకాయన దాని మీద గొడవ పెట్టుకున్నాడు. నాకైతే ఆ పద్ధతి సబబుగానే అనిపించింది. మనం రేపు వెళ్తే ఒక సన్‌సెట్ పోతుంది, ఫైలు పట్టుకున్నాయనకు పోయేది వేరు.

నీల్‌లో మా గుడిసె హేవలాక్ కంటే శుభ్రం. బాత్‌రూమ్‌లో కుళాయి ఉంది, తిప్పితే గాలి వచ్చింది. కింద ఒక ప్లాస్టిక్ బకెట్, నిండుగా నీళ్లు. మనిషికి రోజుకు అదొక్కటే అని తెలిసేసరికి నా ఫ్రెండ్ ఫోన్ తీసి రివ్యూ టైప్ చేయడం మొదలుపెట్టింది. రెండు స్టార్లు. "ఇంకో బకెట్ ఇస్తారేమో అడుగుదాం ఉండవే" అని వంటింటి వైపు వెళ్లాం.

"రెండో బకెట్ ఎక్కడి నుంచి తెత్తానమ్మా?" అంది అక్కడున్నామె, తెలుగులో. మేం హిందీలో అడిగాం, మా ఇద్దరి మాటలూ విని తెలుగులో జవాబిచ్చింది. "ఏ ఊరు పాపా మీది? సికింద్రాబాదా? మాది సోంపేట కాడ."

ఇది వింతేం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకారులు వీధులకు వీధులే ఉన్నారు. తెలుగు మీడియం బడులు కూడా ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు వెంట మన్యంలో పోరాడి పట్టుబడిన వాళ్లలో కొందరిని ఇక్కడి సెల్యులార్ జైలుకే పంపారు. మనవాళ్లు బ్యాక్‌ప్యాక్ వేసుకుని రాకముందే మనవాళ్లు సంకెళ్లతోనూ వచ్చారు, వలలతోనూ వచ్చారు.

అక్క భర్త జంగ్లీఘాట్‌లో పడవ మీద పనిచేస్తాడు. సీజన్ ఆరు నెలలూ ఆమె ఈ గుడిసెల దగ్గర వంట, ఊడ్పు, నీళ్లు చూసుకుంటుంది. "సిన్నోడు ఊర్లో మాయమ్మ కాడ ఉన్నాడు, నాలుగో క్లాసు" అంది. బావికి మోటరు ఉంది. కానీ ఎండలు మొదలయ్యాక బావిలో నీళ్లు అడుగుకి పోతాయి, మోటరు గాలి పీలుస్తుంది. అందుకని చేదతో తోడి మోస్తుంది. పన్నెండు గుడిసెలు, ఇద్దరేసి మనుషులు, ఇరవై లీటర్ల బకెట్లు. కాలిక్యులేటర్ అక్కర్లేదు, 480 లీటర్లు. వంటింటివి కాకుండానే రోజుకు దాదాపు అర టన్ను నీళ్లు ఒక మనిషి చేతుల మీదుగా నడుస్తాయి. రాత్రికి ఆమె పడుకునేది ఆ వంటింటి వెనక, బియ్యం బస్తాల పక్కన, చాప మీద. దోమతెర చిల్లులు లెక్కపెట్టే అవసరం ఆమెకు లేదు, తెరే లేదు.

ఫ్రెండ్ ఫోన్ చూసి అడిగింది. "స్టార్లు ఇత్తన్నావేటి పాపా? అవి తగ్గితే ఓనరు మామీదే అరుత్తాడు. బావిలో నీళ్లు లేకపోతే నేనేటి సెయ్యను?"

వెయ్యి రూపాయల గది ఎందుకు వెయ్యి రూపాయలకు వస్తోందో కుర్రకారు మనం పెద్దగా అడగం. ఏసీ లేదు, టీవీ లేదు, అందుకే చవక అనుకుంటాం. ఏసీ లేకపోవడం వల్ల మిగిలేది కొంతే. మోటరు చేయాల్సిన పని ఒక మనిషి చేస్తే, ఆ మనిషికి గది కట్టకపోతే, మే నుంచి అక్టోబర్ దాకా జీతం ఇవ్వకపోతే, అసలు చవకంతా అక్కడుంది. దీనికి విరుగుడు ఖరీదైన రిసార్ట్‌కి వెళ్లడం అని నేననను. అక్కడ ఈత కొలనులో పోసిన నీళ్లు కూడా ఎక్కడో ఒక బావిలోంచి, లేకపోతే ట్యాంకర్లోంచి వచ్చినవే. పోర్ట్ బ్లెయిర్‌కే ధనికారి డ్యామ్ నీళ్లు వేసవిలో రోజూ రావు, వంతులేసి వదులుతారు.

వచ్చే నీళ్ల సంగతి ఇది. పోయే నీళ్లు? ఫిలిప్పీన్స్‌లో బొరాకాయ్ అని మన హేవలాక్ లాంటిదే, ఇంకా రద్దీ దీవి ఉంది. హోటళ్ల మురుగు తిన్నగా సముద్రంలోకి వదులుతున్నారని 2018 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఆరు నెలలు దీవి మొత్తాన్ని టూరిస్టులకు మూసేశారు. అందుకే ఇప్పుడు బుక్ చేసే ముందు నేను సెప్టిక్ ట్యాంక్ ఉందా అని మెసేజ్ పెడతాను. సగం మంది జవాబివ్వరు. ఇచ్చినవాళ్లలోంచే ఎంచుకుంటాను.

రివ్యూ విషయానికొస్తే, ఫ్రెండ్ స్టార్ల జోలికి పోకుండా ఉన్నదున్నట్టు రాసింది. ఫిబ్రవరి తర్వాత ఇక్కడ మనిషికి రోజుకు ఒక బకెట్, అది చేత్తో తోడిన నీళ్లు, దానికి సిద్ధపడితేనే రండి అని. మిగతా రెండు రోజులూ మా బకెట్లు మేమే తోడుకున్నాం. ఓనరుకి నచ్చలేదు, గెస్టులు తోడితే బాగుండదన్నాడు. నాలుగో బకెట్‌కే నా అరచేయి బొబ్బలెక్కింది, కీబోర్డు చేతులు మరి. వెళ్లేరోజు టిప్ ఫోన్‌పే చేయబోతే అక్క ఆపింది. "నెట్టు రాదు పాపా, సేతికియ్యి." చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ 2020 ఆగస్టులోనే వచ్చింది గానీ ఆ వంటింటి దాకా సిగ్నల్ రాలేదు. నోట్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసి పెట్టుకోండి, చిన్నవి కూడా.

లిటిల్ అండమాన్ గురించి ఎక్కువ చెప్పను, చెబితే మీరందరూ వెళ్తారు. రాత్రంతా ఫెర్రీ, హట్ బే జెట్టీలో దిగాలి, ఊళ్లకు పేర్ల బదులు కిలోమీటరు నంబర్లు చెబుతారు. మాకు దొరికిన గదికి సిమెంటు గోడలు, నిజమైన గొళ్లెం, కుళాయిలో నీళ్లు. ఆ రాత్రి ఎలుక ఒకటి నా బ్యాగు కొరికి వేరుశనగ చిక్కీ తినేసింది. అయినా ఆ గదికి ఐదు స్టార్లు.

అక్క మొన్న మెసేజ్ పెట్టింది, నీల్ జెట్టీ దగ్గర సిగ్నల్ దొరికినప్పుడు. గుడిసెలు మూసేశారట, విశాఖ ఓడకు టికెట్ దొరికిందట, దిగి సోంపేట రైలెక్కుతుందట. బంక్ క్లాసే. మొదటి రోజు వాంతులవుతాయని, నిమ్మకాయలు కొనుక్కుందని రాసింది.