చెవిని నమ్మాలంటే కళ్లు మూసుకోవాలి

కొత్త కేబుల్ ఇంటికి వచ్చిన సాయంత్రం హైఫై అభిమానికి పాత పాటే కొత్తగా వినిపిస్తుంది. వయొలిన్ మరింత స్పష్టంగా పలుకుతుంది, గాయని ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. మీటరు పెట్టి చూసిన స్నేహితుడు మాత్రం పాత కేబుల్‌కీ దీనికీ చెవికి అందే తేడా ఏదీ లేదంటాడు. ‘నా చెవి నాకే అబద్ధం చెబుతుందా?’ అని ఒకరు, ‘అంకెలు అబద్ధం చెబుతాయా?’ అని మరొకరు. దశాబ్దాలుగా తెగని వాదం ఇది. చెవికీ మీటరుకీ పోటీ ఉందని ఇద్దరూ అనుకోవడం వల్లే ఇది తెగడం లేదు. అసలు తగవు చెవికీ కంటికీ మధ్య.

ముందుగా అంకెల సంగతి. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. వయసు పెరిగేకొద్దీ పై హద్దు తగ్గుతూ వస్తుంది. ఒక ధ్వనిని పూర్తిగా తిరిగి నిర్మించాలంటే, అందులోని గరిష్ఠ పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ నమూనాలను సెకనుకు తీసుకోవాలి. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి కాబట్టి 22,000 హెర్ట్జ్ వరకు లోటు లేదు. అయినా అంతకు మించిన ‘హై రిజల్యూషన్’ రికార్డింగులు ఇంకా బాగుంటాయని చాలామంది గట్టిగా నమ్ముతారు.

బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ ఈ నమ్మకాన్ని పరీక్షించి, 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. హై రిజల్యూషన్ సంగీతాన్ని ఒకసారి నేరుగా, మరోసారి సీడీ ప్రమాణానికి కుదించి వినిపించారు. ఏది ఏదో శ్రోతలకు చెప్పలేదు. 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరైన జవాబు వచ్చింది. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. 2016లో జాషువా రీస్ ఇలాంటి 18 అధ్యయనాలను కలిపి చూస్తే సరైన జవాబులు 52.3 శాతం. తగిన శిక్షణ పొందిన శ్రోతల్లో ఇది ఇంకా పెరిగింది. అంటే తేడా అసలే లేదనడం తొందరపాటు, ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుందనడం అతిశయోక్తి.

మరి ఆ సాయంత్రం పాట మారినట్టు అనిపించడం భ్రమేనా? ఆ అనుభవం నిజమే, దానికి కారణం కేబుల్ కాకపోవచ్చు. చెవి పంపిన సంకేతాలకు కన్ను చూసినదీ, ధర తెలిసినదీ, మనసు ఆశించినదీ జోడించి మెదడు ఒకే అనుభూతిగా అందిస్తుంది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 40 మందికి నాలుగు స్పీకర్లు వినిపించారు. కంటికి కనబడినప్పుడు పెద్ద స్పీకర్లకు మార్కులు పెరిగాయి, చిన్న చవక స్పీకర్‌కు తగ్గాయి. మరో విశేషం కూడా తేలింది. స్పీకర్‌ను గదిలో ఒక చోటి నుంచి మరో చోటికి మారిస్తే కలిగే తేడాను తెర చాటున పట్టుకున్నవాళ్లే, స్పీకర్ కనబడగానే అంతగా గుర్తించలేకపోయారు. చూపు చెవిని మోసం చేయడమే కాదు, మొద్దుబారుస్తుంది కూడా.

అంకెల పక్షం కూడా ఒక తప్పు ఒప్పుకోవాలి. 1960ల నాటి కొన్ని ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లకు పూర్తి శక్తి దగ్గర కొలిచిన వక్రీకరణ తక్కువే. ఇంట్లో నెమ్మదిగా పెట్టుకుని వింటే మాత్రం గరగర. విన్నవారు చెప్పింది నిజం, కొలిచినవారు చూడవలసిన చోట చూడలేదు. మన మృదంగం కథా ఇలాంటిదే. మామూలు డోలు చర్మం నుంచి పుట్టే ఉపస్వరాలు శ్రుతిలో కుదరవు. మధ్యలో నల్లని పూత పొరలుపొరలుగా వేస్తే కుదురుతాయని మృదంగం చేసేవాళ్లు చెవితోనే కనిపెట్టారు. ఆ ఉపస్వరాలు ఒకటి, రెండు, మూడు అన్న పూర్ణ సంఖ్యల నిష్పత్తిలో ఉంటాయని 1920లో నేచర్ పత్రికలో సి.వి.రామన్, శివకాళి కుమార్ వివరించారు. చెవి ముందు నడిచింది, కొలత వెనక వచ్చి అవునంది.

కాబట్టి చెవిని నమ్మేవారే బ్లైండ్ టెస్టును ముందుగా కోరుకోవాలి. అది మీటరు పరీక్ష కాదు, అందులో చెవి ఒక్కటే న్యాయమూర్తి. ఇంట్లోనూ చేయవచ్చు. రెండింటి ధ్వని స్థాయినీ సమానం చేయాలి, ఎందుకంటే కాస్త బిగ్గరగా ఉన్నది మనకు మెరుగైనదిగా తోస్తుంది. తర్వాత కంటికి కనబడకుండా, వరస తెలియకుండా వేరొకరు 16 సార్లు మార్చి వినిపించాలి. కనీసం 12 సార్లు సరిగ్గా చెబితే ఆ తేడాను గౌరవించాల్సిందే. ఊరికే ఊహించి అన్ని సరిగ్గా చెప్పే అవకాశం 4 శాతం లోపే.

ఇది వట్టి పంతాల వ్యవహారం కాదు. నెల జీతాన్ని తీగ మీద పెట్టే కుర్రవాడికి, సిమెంటు గోడలు, టైల్స్ నేల ఉన్న తన గదే పాటను ఎక్కువగా పాడుచేస్తోందని చెప్పేవారు ఉండాలి. స్పీకర్లను గోడకు కాస్త దూరం జరిపి, నేల మీద తివాచీ పరిచి వింటే కలిగే మార్పును మీటరూ పట్టుకుంటుంది, కళ్లు మూసుకున్న చెవీ పట్టుకుంటుంది. ఎల్‌పీ రికార్డు చిటపటలంటే ఇష్టమా, హాయిగా వినవచ్చు. ఇష్టానికి రుజువు అక్కర్లేదు. ‘ఇదే మేలైనది, కొనండి’ అని మరొకరికి చెప్పేటప్పుడు మాత్రం రుజువు కావాలి.