మంచినీటి మీద రక్షకుడెవరు?

ఢిల్లీలోని జియా సరాయ్ ఇరుకు గదుల్లో పోటీ పరీక్షలకు చదివే విద్యార్థి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం గురించి తడుముకోకుండా చెప్పగలడు. సముద్రంలో ఆపద వస్తే వెతికి కాపాడే బాధ్యత 1978 చట్టంతో ఏర్పడిన కోస్ట్ గార్డ్‌దని కూడా చెప్పగలడు. కానీ నదిలోనో జలాశయంలోనో పడవ మునిగితే మొదటి పావుగంటలో వచ్చేదెవరు? ఈ ప్రశ్నకు అతని పుస్తకంలో స్పష్టమైన సమాధానం దొరకదు.

2019 సెప్టెంబరు 15న గోదావరిపై ఆ సమాధానం దొరికింది. పాపికొండల విహారానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు వద్ద మునిగింది. అందులో 70 మందికి పైగా ఉంటే, బతికి బయటపడినవారు 30 మంది కూడా లేరు. వారికి ముందుగా అందివచ్చినవి సమీప గిరిజన గ్రామాల పడవలే. తరువాత వచ్చిన ఎన్డీఆర్ఎఫ్, నౌకాదళ బృందాలు ఎంతో శ్రమించాయి. అప్పటికి మిగిలింది మృతదేహాల గాలింపే. బోటును వెలికితీసే సరికి అక్టోబరు 22 వచ్చింది.

ఆపై రాష్ట్ర ప్రభుత్వం రేవుల వద్ద కంట్రోల్ రూములు ఏర్పాటు చేసింది. అవి అవసరమే. అయితే రేవులో తనిఖీ వేరు, నీటి నడుమ రక్షణ వేరు. వరదల్లో కోస్ట్ గార్డ్ లోతట్టుకూ వస్తోంది గదా అని వాదించవచ్చు. పిలిస్తే వస్తుంది, నిజమే. కానీ వరద రోజుల తరబడి నిలుస్తుంది, మునిగే మనిషికి ఉండేది నిమిషాలే. అమెరికా ఈ తేడా గుర్తించే, తన మహాసరస్సుల ఒడ్డున కోస్ట్ గార్డ్ స్టేషన్లను శాశ్వతంగా నిలిపింది.

మన దగ్గర ఈ లోటు ఇంకా పెరగనుంది. పోలవరం పూర్తయితే అక్కడి గోదావరి 194 టీఎంసీల జలాశయమవుతుంది. దాని ముంపు కిందే దేవీపట్నం మండలపు గిరిజన గ్రామాలు ఖాళీ అవుతున్నాయి. అంటే నీరు పెరుగుతుంది, కాపాడే చేతులు తరలిపోతాయి. పునరావాసపు లెక్కల్లో ఈ నష్టానికి పద్దు లేదు.

నిర్వాసిత యువకులకే జీతమిచ్చి, కోస్ట్ గార్డ్ చేత శిక్షణ ఇప్పించి, పోలవరం, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలపై శాశ్వత రక్షణ కేంద్రాలు నెలకొల్పాలి. ఖర్చులో కేంద్రం వాటా పంచుకోవాలి. పోలవరాన్ని 2014 విభజన చట్టం జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ఆనకట్ట జాతీయమైనప్పుడు, దాని నీటిలో పోయే ప్రాణం రాష్ట్రపు గొడవ మాత్రమే కాజాలదు.