కొద్ది మిగిలిన చాలునా?

జీవులు తక్కువగా నున్నచో ఆహారము సమృద్ధిగా దొరకును, పోటీ తగ్గును, కావున అవి త్వరలోనే వృద్ధిపొందునని పెక్కుమంది తలంతురు. ఈ తలంపు కొంతవరకు నిజమే. కిక్కిరిసిన చోట ఆకలియు రోగములును ప్రబలుట అందఱికిని తెలిసినదే. కాని మిక్కిలి పలుచబడుటయు జీవజాతులకు అపాయకరమే యని గుర్తించువారు అరుదు.

అమెరికా శాస్త్రజ్ఞుడు వార్డర్ క్లైడ్ ఆలీ ఈ విషయమును ప్రయోగములచే చూపెను. 1932లో ప్రకటించిన పరిశోధనలో ఆయన, వెండి కణములచే విషమయమైన నీటిలో బంగారు చేపల నుంచి పరీక్షించెను. ఒంటరి చేపలకంటె గుంపుగా నున్న చేపలు ఎక్కువకాలము జీవించెను. వాని శరీరములనుండి స్రవించిన జిగురు విషమును పట్టి అడుగునకు దింపెను. ఒక్క చేపకు సాధ్యము కాని రక్షణ గుంపునకు సాధ్యమయ్యెను.

ఉత్తర అమెరికాలో పాసెంజర్ పావురములు ఒకప్పుడు ఆకాశమును కప్పివేయుచు కోట్లకొలది ఎగిరెడివి. వానికి రక్షణ మక్కఱలేదని 1857లో ఒహాయో రాష్ట్ర శాసనసభా సంఘ మొకటి తేల్చెను. వేటగాండ్రు తంతివార్తలవలన గుంపుల జాడ నెఱిగి, రైళ్లలో వెళ్లి, గూళ్లు కట్టు తావులలోనే వానిని చంపిరి. అడవులును నరకబడెను. వేలకొలది గూళ్లు ఒక్కచోట నున్నంతకాలము శత్రుజంతువులు ఎన్నింటిని తినినను పెక్కు పిల్లలు మిగిలెడివి. చెదరిన కొలది గూళ్లకు ఆ రక్ష లేకపోయెను. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మార్తా అను కడపటి పావురము మరణించెను.

ఇది పరదేశపు కథ మాత్రమే కాదు. నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డిభూములలో బట్టమేక పక్షికై 1988లో అభయారణ్యము నేర్పరచిరి. ఈ పక్షి సాధారణముగా ఏడాదికి ఒక్క గ్రుడ్డునే పెట్టును. నేడు దేశమంతటను స్వేచ్ఛగా తిరుగునవి రెండువందలైనను లేవు. అందు పెక్కు రాజస్థానముననే యున్నవి. మగపక్షి మెడసంచి నుబ్బించి గంభీరముగా కూయును. ఆ పిలుపు విను ఆడపక్షి చేరువలో లేనిచో ఆ కూత వ్యర్థమే గదా!

కావున “ఎన్ని మిగిలినవి?” అను ప్రశ్న యొక్కటియే చాలదు. “అవి యొకదాని నొకటి కలిసికొనగలవా?” అనియు అడుగవలెను. పదిచోట్ల చెదరిన పది పక్షులు ఒక్కచోట నున్న పది పక్షులతో సమానము కావు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనిన ప్రయోజనము లేదు. జీవులు విరివిగా నున్న దినములలోనే వానిని, అవి కలిసి మెలగు నేలను కాపాడుట వివేకుల ధర్మము.